వారానికి ఒక్క పీరియడ్, ఒకే చెట్టు కింద

రెండు తెలుగు రాష్ట్రాల పాఠశాల విద్యాశాఖ ఉన్నతాధికారులకు బహిరంగ లేఖ



మన మండలాల్లో వానకు లెక్క ఉంది. రోజూ ఉదయం 8:30కి, అంతకుముందు 24 గంటల్లో ఎంత పడిందో మిల్లీమీటర్లలో నమోదవుతుంది. చినుకు పడని రోజు సున్నా పడుతుంది. ఆ సున్నాలన్నీ కలిపి చూసుకునే కదా ఏ మండలంలో ఎంత లోటుందో తేలుస్తున్నాం. అదే వానకు ఊరి చివరి వేప ఎప్పుడు చిగిర్చింది, రేల ఏ వారంలో పూసింది, గిజిగాడు గూడు ఎప్పుడు మొదలుపెట్టింది, చెరువు మీదికి చలికాలపు బాతులు ఎప్పుడు దిగాయి అని అడిగితే మాత్రం మా మండలంలో ఏ ఆఫీసులోనూ ఒక్క కాగితం దొరకదు. ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే "ఈసారి జల్ది పూసింది బిడ్డా" అంటారు. వాళ్ల మాట నిజమే అయి ఉంటుంది. ఎన్ని రోజులు ముందు పూసిందో చెప్పడానికి మాత్రం పాత తేదీ ఎవరి దగ్గరా లేదు.

ఆ తేదీలు రాయగలిగినవాళ్లు మీ శాఖలో లక్షల మంది ఉన్నారు. వాళ్లు ప్రభుత్వ బడుల పిల్లలు. నేను ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్తాను. నా పిల్లలతో కొన్నేళ్లుగా చేస్తున్న పనినే ప్రతి బడిలో చేయించమని అడగడానికి ఈ లేఖ రాస్తున్నాను.

అడిగేది ఇది. ప్రతి బడీ తన దగ్గర్లో ఒక చోటు ఎంచుకోవాలి. ఆ చోట ఒక చెట్టుకు గుర్తు పెట్టుకోవాలి. వారానికి ఒక్క పీరియడ్ పిల్లలు అక్కడికే వెళ్లి, కూర్చుని, చూసి, కనిపించినదాన్ని తేదీ వేసి ఒక రిజిస్టరులో రాయాలి. ఆ రిజిస్టరు బడి ఆస్తి. అడ్మిషన్ రిజిస్టరు ఉన్న బీరువాలోనే అదీ ఉండాలి, ఎన్నేళ్లయినా ఉండాలి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు. మీ సంతకంతో ఒక ఉత్తర్వు కావాలి.

ఎక్కడైనా చూడొచ్చు కదా, ఒకే చోటు దేనికని మా తోటి ఉపాధ్యాయులే అడిగారు. ఈ వారం బడి ముందరి వేపను, వచ్చే వారం బస్టాండు వేపను చూస్తే మనకు తెలిసేది రెండు చెట్ల మధ్య తేడా మాత్రమే. ఒకే వరసలో పక్కపక్కన నాటిన రెండు వేపల్లో ఒకటి పూతకొచ్చిన చాలా రోజులకు గానీ రెండోది రాకపోవచ్చు. కాలువ పక్కన పెరిగినదాని తీరు వేరు, సిమెంటు గచ్చు మధ్య ఇరుక్కున్నదాని తీరు వేరు. చెట్టూ మారకుండా, చూసే చోటూ మారకుండా ఉంటేనే కనిపించిన మార్పు కాలానిదని చెప్పగలం. పిల్లల ఎత్తు గీతలు గీసే తల్లి ఏటా అదే దర్వాజాకు ఆనించి నిలబెట్టినట్టే ఇదీ.

పక్షి శాస్త్రజ్ఞుడు సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యంలో ఊరూరా, అడవి అడవీ తిరిగి పక్షుల సర్వే చేశారు. ఏ పక్షి ఎక్కడెక్కడ ఉందో తెలియాలంటే అలాంటి తిరుగుడు కావాలి. ఏ పక్షి ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో తెలియాలంటే కదలకుండా కనిపెట్టుకుని ఉండేవాళ్లు కావాలి. ఎంత గొప్ప శాస్త్రజ్ఞుడైనా బయటినుంచి వచ్చి ఏడాది పొడుగునా మా ఊరి చెరువు దగ్గర కూర్చోలేడు. ఊళ్లో చదువుకునే పిల్లలు కూర్చోగలరు.

మా చోటు చెరువు కట్ట మీద, తూముకు ఇవతల ఉన్న రావిచెట్టు. బడి నుంచి నడిచిపోయేంత దూరం. అక్కడ కూర్చుంటే ఒకవైపు చెరువూ శిఖం భూమీ, ఇంకోవైపు ఆయకట్టు పొలాలూ కనిపిస్తాయి. మత్తడి దాకా కట్ట పొడుగునా తాటిచెట్లు, ఈతచెట్లు, ఒక పెద్ద తుమ్మ. కొత్తగా వచ్చిన ఆరో తరగతి పిల్లలు మొదటి రెండు మూడు వారాలు "ఏం లేదు టీచర్" అంటారు. నిజంగానే వాళ్లకు ఏమీ కనిపించదు. అదే రాయమంటాను: రావికి పూర్తిగా ముదిరిన ఆకులు, కాయలు లేవు, చిగురు లేదు. ఆ 'లేదు' అన్న మాట లేకపోతే తర్వాత వచ్చే 'ఉంది'కి తేదీ నిలవదు. పోయిన శనివారం లేదని రాసి ఉంటేనే, ఈ శనివారం కనిపించిన చిగురు ఈ వారంలోనే వచ్చిందని ఖాయంగా చెప్పగలం. వర్షమాపకం దగ్గర సున్నా రాసేదీ ఇందుకే.

ఫిబ్రవరి వచ్చేసరికి ఈ పిల్లలే మారిపోతారు. రావి ఆకు రాల్చడం ఒక్క రోజున జరిగిపోదు. మా చెట్టుకు చెరువు వైపు కొమ్మలు ముందు బోసిపోతాయి, పొలాల వైపు కొమ్మలకు ఇంకా పసుపుబారిన ఆకులు వేలాడుతూనే ఉంటాయి. ఒక వారం చెట్టు సగం ఎండిపోయిందనిపిస్తుంది. ఆ వారమే వంగిన కొమ్మను దగ్గరికి లాగి చూపిస్తాను. కొమ్మ చివర మొనదేలిన మొగ్గ, దాన్ని చుట్టి ఒక సన్నని పొర. ఇంకో వారానికి పొర ఊడి కింద రాలుతుంది, అందులోంచి లేతాకు రాగి రంగులో బయటికొస్తుంది. వేళ్ల మధ్య పట్టుకుంటే తడిగా ఉందా అన్నంత మెత్తగా ఉంటుంది. చివరి తోక అప్పటికే పొడుగ్గా ఉంటుంది. ఆకులు పచ్చగా కదా పుట్టాలి, ఇవి ఎర్రగా ఎందుకున్నాయని పిల్లలు అడగకుండా ఉండరు. లేతాకులో పత్రహరితం ఇంకా నిండలేదు, ఆంథోసయనిన్ అనే ఎర్ర వర్ణకం ముందు చేరింది, లేత కణాలను మండే ఎండ నుంచి అది కాపాడుతుందని శాస్త్రజ్ఞులు అంటారని చెప్తాను. పదో తరగతిలో పోషణ పాఠం దగ్గర నేను బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా తలకెక్కని వర్ణకాల సంగతి, ఆ కొమ్మ కింద నిలబడిన ఆరో తరగతి పిల్లలకు అర్థమవుతుంది.

ఎండాకాలం గురించి మా రిజిస్టరులో పేజీలు తక్కువ. కారణం సెలవులు, ఆ సంగతి తర్వాత చెప్తాను. ఉన్న కొద్ది పేజీల్లోనే ఒక విషయం బయటపడింది. కోయిల వసంతంలో మాత్రమే కూస్తుందని పిల్లలందరూ నమ్మేవాళ్లు, పాటల్లో విన్నది అదే. మా రిజిస్టరులో కోయిల కూత బడులు తెరిచాక కూడా, జులై పేజీల్లో కూడా ఉంది. కోయిల గూడు కట్టదు, కాకి గూట్లో గుడ్డు పెడుతుంది. కాకులు గూళ్లు పెట్టినంత కాలం దానికి పని ఉంటుంది. ఇది ఎవరూ చెప్పకుండానే ఒక పిల్లవాడు కాకి గూడు ఉన్న పేజీలనూ కోయిల కూత ఉన్న పేజీలనూ పక్కపక్కన పెట్టి, "రెండూ ఒక్కసారే ఉన్నాయి టీచర్" అన్నాడు. నా ఉద్యోగంలో నాకు దొరికిన గొప్ప సంతోషాల్లో అదొకటి.

తొలకరి మాత్రం మాకు బాగా దొరుకుతుంది. మొదటి గట్టి వాన పడ్డ మర్నాడు శిఖంలో నిలిచిన గుంటల దగ్గర పెద్ద కప్పలు తేలతాయి. మగకప్పలు పసుపుపచ్చగా మెరిసిపోతూ, గొంతుకు రెండు పక్కలా నీలం తిత్తులు ఉబ్బించి అరుస్తుంటాయి. మిగతా కాలమంతా బురద రంగులో ఉండి కంటికి ఆనని కప్ప ఇదేనంటే పిల్లలు నమ్మరు. ఆ రంగు ఉండేది కొద్ది రోజులే, వారానికొకసారి చూసేవాళ్లకు తప్పిపోవచ్చు కూడా. అందుకే వాన పడితే పీరియడ్ రోజు కోసం ఆగకుండా వెళ్తాం. అదే రోజుల్లో చెలకల్లో ఎర్రని ఆరుద్ర పురుగులు బయటికొస్తాయి. మఖమలు ముక్కలా ఉండే దాన్ని అరచేతిలో పెట్టి కాళ్లు లెక్కపెట్టమంటాను. ఎనిమిది వస్తాయి. అంటే కీటకం కాదు, సాలీడుకు చుట్టం. లెక్కపెట్టాక దాన్ని తెచ్చిన చోటే వదలాలి, ఇది మా బడిలో గట్టి నియమం. మా అమ్మ కాలంలో అవి అడుగుకొకటి కనిపించేవని అంటారు. ఎన్ని కనిపించేవో రాసిపెట్టినవాళ్లు లేరు. ఇప్పుడు ఏ చెలకలో, ఏ తేదీన, ఎన్ని కనిపించాయో మేం రాస్తున్నాం.

ఆ తర్వాత గిజిగాళ్లు. మా తాటిచెట్ల మీదా, నీళ్ల మీదికి వంగిన తుమ్మ మీదా అవి గూళ్లు పెడతాయి. అల్లేది మగపిట్ట. వరి ఆకునో గడ్డి ఆకునో అంచు దగ్గర ముక్కుతో కరిచిపట్టి, ఎగురుతూ లాగి, సన్నని పోగులా చీల్చుకుపోతుంది. సగం అల్లాక, గూడు ఇంకా బోర్లించిన టోపీలా ఉన్నప్పుడే ఆడపిట్ట వచ్చి చూస్తుంది. నచ్చితే కింద పొడుగాటి గొట్టంతో గూడు పూర్తవుతుంది, నచ్చకపోతే ఆ గూడు అక్కడే ఆగిపోతుంది. గూళ్లన్నీ కలిపి రాస్తే సరిపోదు, ఆగిపోయినవి వేరే, పూర్తయినవి వేరే రాయాలని ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకామె పట్టుబట్టింది. అప్పట్నుంచి రెండు వరసలుగా రాస్తున్నాం. గూళ్లు ఎక్కువగా చెట్టుకు తూర్పు వైపునే ఉంటాయి, నైరుతి గాలి తాకిడి అటు తక్కువ. వాన వెనకబడి నారుమళ్లు ఆలస్యమైన ఏడాది గూళ్లు కూడా వెనకబడ్డాయని మా పేజీల్లో స్పష్టంగా ఉంది. పోగు తీయడానికి పచ్చని ఆకు ఉండాలి కదా. పంట లెక్కా పక్షి లెక్కా ఒకే తీగ మీద ఉన్నాయని పిల్లలకు దీనికన్నా బాగా నేను చెప్పలేను.

చలికాలం గురించి ఒక్క మాట చెప్పి ముందుకెళ్తాను. చెరువు మీద పెద్ద కొంగ కనిపిస్తే చాలు, సైబీరియా నుంచి వచ్చిందని అనేస్తుంటారు. ముక్కు మధ్య సందుతో నత్తలు తినే కొంగ, గులాబీ ఈకలతో ముక్కు పసుపుగా ఉండే పెద్ద కొంగ మన దేశంలోనే గూళ్లు పెట్టి పిల్లల్ని పెంచేవి. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలోనూ గుంటూరు దగ్గరి ఉప్పలపాడులోనూ అలాంటి కొంగలనూ గూడబాతులనూ గూళ్ల మీదే చూడొచ్చు. నిజంగా దూరాల నుంచి వచ్చేవి వేరు: తల మీద రెండు నల్ల పట్టీలుండి హిమాలయాలు దాటి వచ్చే పెద్దబాతు, ఉత్తరాది చలి నుంచి దిగి వచ్చే సూదితోక బాతు. ఏది ఇక్కడి పక్షో, ఏది వచ్చిపోయేదో పుస్తకంలో చదివి చెప్పొచ్చు. ఏడాదంతా ఒకే చెరువును చూసిన పిల్ల మాత్రం పుస్తకం తెరవకుండానే చెప్పగలదు.

ఇవన్నీ పంచాంగంలో ఉన్నాయి కదా, కార్తెలు ఉన్నాయి కదా అని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. కార్తెల మీద నాకు గౌరవం ఉంది. రోహిణిలో రోళ్లు పగులుతాయన్న మాట మా పిల్లలందరికీ తెలుసు. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరున్నాడన్నదాన్ని బట్టి, సుమారు 13, 14 రోజులకొకటి చొప్పున ఏడాదిని 27 భాగాలు చేసి, దున్నడం నుంచి కోత దాకా ప్రతిదాన్నీ దానికి ముడివేశారు మన రైతులు. అది గొప్ప పని. ఆ ముడి వేసినవాళ్లు మాత్రం ఆకాశాన్నీ నేలనూ రెంటినీ చూసి వేశారు. ఇప్పుడు మనం క్యాలెండరు మాత్రమే చూస్తున్నాం. భూమి అక్షం నెమ్మదిగా తిరగడం వల్ల కార్తె ప్రవేశం రుతువుల్లో సుమారు 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున వెనక్కు జరుగుతూ వస్తోంది. మా దగ్గరి రామప్ప గుడి కట్టిన 1213 నుంచి ఇప్పటికి ఆ జరుగుడు 11 రోజుల దాకా ఉంటుంది. కాకతీయుల కాలపు రైతు మృగశిర అన్న రోజూ, మనం మృగశిర అంటున్న జూన్ 8వ తేదీ ప్రాంతమూ ఎండ లెక్కలో ఒకటి కావు. పాత మాటలను నేల మీద మళ్లీ సరిచూసుకోవడం వాటికి మనం చేయగలిగిన మర్యాద.

పండుగల సంగతి ఇంకా సూటిగా కనిపిస్తుంది. ఉగాది 2023లో మార్చి 22న వచ్చింది, 2024లో ఏప్రిల్ 9న. పద్దెనిమిది రోజుల తేడా. పచ్చడికి పువ్వు ఇవ్వాల్సిన వేపకు అధికమాసం తెలియదు. బతుకమ్మ మొదలయ్యే అమావాస్య 2023లో అక్టోబరు 14, 2025లో సెప్టెంబరు 21. గునుగూ తంగేడూ వానను బట్టి పూస్తాయి, తిథిని బట్టి పూయవు. ఏ ఏడాది పండుగకు ఏ పువ్వు నిండుగా దొరికింది, దేన్ని వెతుక్కోవాల్సి వచ్చింది, దేన్ని అంగట్లో కొన్నారు అని రాస్తే చాలు, అది అచ్చమైన శాస్త్ర సమాచారం. పువ్వు కోయడానికి తెల్లవారుజామున చేలగట్ల వెంట వెళ్లేది మన పిల్లలే.

వేప పేరు వచ్చింది కాబట్టి ఈ లేఖ రాయడానికి నన్ను పురికొల్పిన సంగతి చెప్తాను. 2021లో వానాకాలం దాటేసరికి మా ప్రాంతంలోనే కాదు, తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో అనేక చోట్ల వేపచెట్ల కొమ్మల చివర్లు మాడిపోయాయి. నిప్పు తగిలినట్టు చెట్లకు చెట్లు గోధుమరంగుకు తిరిగాయి. వేపకు తెగులేమిటని ఊళ్లు కంగారుపడ్డాయి, అరిష్టమని భయపడ్డవాళ్లూ ఉన్నారు. వ్యవసాయ శాస్త్రజ్ఞులు చూసి, ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం వల్ల కొమ్మలు చివర్ల నుంచి ఎండిపోతున్నాయని, టీ దోమ అని పిలిచే రసం పీల్చే పురుగు కూడా ఇందుకు తోడైందని చెప్పారు. చాలా చెట్లు ఎండాకాలానికి మళ్లీ చిగిర్చాయి. కొన్ని చిగిర్చలేదు. తర్వాతి ఏళ్లలోనూ మాడు మళ్లీ కనిపించింది.

మాడు ఎప్పుడు మొదలైందని అప్పుడు మా ఊళ్లో అడిగితే ఒకరు దసరాకు ముందన్నారు, ఒకరు దీపావళి వెళ్లాకన్నారు. ఏ వీధి చెట్టు ముందు మాడిందంటే ఎవరికీ తెలియదు. అప్పటికి మా రిజిస్టరు ఉంది గానీ అందులో ఉన్నది రావి. బడి ఆవరణలో రోజూ మేం నీడకు నిలబడే వేప గురించి ఒక్క అక్షరం లేదు. మన రెండు రాష్ట్రాల్లో కలిపి వేలాది ప్రభుత్వ బడులున్నాయి, వేపచెట్టు లేని బడి ఆవరణ అరుదు. పైగా వేప ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర వృక్షం. ప్రతి బడీ తన వేపను వారానికోసారి చూసి తేదీ వేసి ఉంటే, ఆ మాడు ఏ జిల్లాలో ఎప్పుడు మొదలై ఎటు నడిచిందో ఒక్క పటం మీద కనిపించేది. వర్షపాతం పటం పక్కన పెట్టి చూస్తే, ఎంత తేమకు అది లేచిందో తేలేది. ఏ చెట్లు తట్టుకున్నాయో తెలిస్తే వాటి గింజలనే నాటుకునేవాళ్లం. ఆ అవకాశం పోయింది. ఇంకో తెగులు, ఇంకో కరువు, ఇంకో తుపాను తప్పకుండా వస్తాయి. అప్పటికైనా మన దగ్గర కాగితం ఉండాలి.

ఇలా రాసిన కాగితాలు ఎంత దూరం పనికొస్తాయో లోకంలో రుజువులున్నాయి. జపాన్‌లో క్యోటో నగరపు చెర్రీ పూత తేదీలు 9వ శతాబ్దం నుంచి దొరుకుతాయి. అవి శాస్త్రం కోసం రాసినవి కావు, పూల వేడుకలకు వెళ్లిన రాజోద్యోగులూ భిక్షువులూ తమ దినచర్య పుస్తకాల్లో రాసుకున్నవి. యసుయుకి అవోనో అనే ఆచార్యుడు వాటిని కూర్చారు. అందువల్లే 2021 మార్చి 26న పూత నిండుగా విరిసినప్పుడు, 1200 ఏళ్ల రికార్డులో ఇదే అన్నిటికన్నా ముందు తేదీ అని చెప్పగలిగారు. ఇంగ్లండులో రాబర్ట్ మార్షమ్ అనే భూస్వామి 1736లో తన ఎస్టేటులో మొదటి పువ్వు, మొదటి చిగురు, మొదటి కప్ప అరుపు తేదీలు రాయడం మొదలుపెడితే, ఆయన వంశంవాళ్లు 1958 దాకా ఆ పుస్తకాన్ని ఆపలేదు. అమెరికాలో థోరో అనే రచయిత 1850లలో కాంకర్డ్ పరిసరాల్లో పూత తేదీలు రాసుకున్నాడు. ఒకటిన్నర శతాబ్దం తర్వాత రిచర్డ్ ప్రిమాక్ అనే శాస్త్రజ్ఞుడి బృందం అదే ఊళ్లో అవే జాతుల మొక్కలను చూసి, పూత సగటున 7 రోజులు ముందుకు జరిగిందని తేల్చింది. వీళ్లలో ఎవరి దగ్గరా ఖరీదైన పరికరాలు లేవు. చోటు మార్చకపోవడం, తేదీ వేయడం, కాగితం పారేయకపోవడం, ఈ మూడే చేశారు.

అంత దూరం పోనక్కర్లేదు కూడా. మన దేశంలో సీజన్‌వాచ్ అనే కార్యక్రమం 2010 నుంచి బడిపిల్లల చేత చెట్ల చిగురు, పూత, కాయ వారంవారం నమోదు చేయిస్తోంది. అందులో కేరళ బడులు ముందున్నాయి. ఏప్రిల్ మధ్యలో వచ్చే విషు పండుగకు అక్కడివాళ్లు కొన్నపూలు పెడతారు, అది మన రేల. పండుగకు చాలా ముందే ఆ పూత వచ్చేస్తోందన్న సంగతి పెద్దల మాటగా మిగిలిపోకుండా పిల్లల నమోదుల్లోకి ఎక్కింది. కేరళ పిల్లలు చేస్తున్న పని మన పిల్లలు చేయలేరా?

ఇక మీ దగ్గర లేవబోయే అభ్యంతరాలు. సిలబస్‌కు టైము లేదంటారు. పర్యావరణాన్ని తప్పనిసరి పాఠంగా చెప్పాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. జాతీయ హరిత దళం పేరుతో 2001 నుంచి బడుల్లో ఎకో క్లబ్బులున్నాయి. 2020 జాతీయ విద్యావిధానం 6 నుంచి 8 తరగతుల మధ్య పది రోజులు సంచి లేకుండా గడపమంది. చోటు ఉంది, పేరు ఉంది, చేయాల్సిన పని ఏమిటో మాత్రం ఎవరూ నిలకడగా చెప్పలేదు. మొక్క నాటుతారు, ఫొటో తీస్తారు, ఆ ఫొటో పంపిస్తారు. మరుసటి ఏడు ఆ మొక్క ఉందో లేదో రాయడానికి ఒక గడి కూడా ఉండదు.

సెలవులది నిజమైన చిక్కు. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 11 దాకా బడి ఉండదు. రేల పూసేదీ, చింతచిగురు ముదిరేదీ, చెరువు అడుగంటి శిఖం నెర్రెలు బారేదీ అప్పుడే. మేం చేసిన ఉపాయం చిన్నది. చెరువుకు దగ్గరి ఇళ్ల పిల్లలకు వారాలు పంచి ఇచ్చాం. వేసవిలో పశువులు మేపే ఒక తాత, చదువు రాకపోయినా, ప్రతి ఆదివారం మనవరాలికి చెప్పి రాయిస్తాడు. ఆయన పేజీలు మా బడి పేజీల కన్నా మేలు, ఎందుకంటే ఆయన రోజంతా అక్కడే ఉంటాడు.

పిల్లల భద్రత గురించి మీరు అడగక ముందే చెప్తున్నాను. నీటి అంచుకు వెళ్లకూడదు. ఈత రాని పిల్లలను చెరువు దగ్గరికి ఉపాధ్యాయుడు లేకుండా పంపకూడదు. చెరువే కావాలని ఏమీ లేదు, బడి గేటు దగ్గరి కానుగ చాలు. పట్నాల్లో ఆటస్థలం కూడా లేని బడులకు వీధి చెట్టు ఒకటి ఉంటుంది, దాని చిగురూ పూతా మేడ మీది నుంచైనా కనిపిస్తాయి.

కొన్ని మాత్రం చేయొద్దని వేడుకుంటున్నాను. దీనికి మార్కులు పెట్టొద్దు. మార్కులు పెట్టిన రోజున పూయని చెట్టు కూడా కాగితం మీద పూస్తుంది. వారంవారం యాప్‌లో ఎక్కించమని టీచర్ల మీద భారం వేయొద్దు, ఏడాదికోసారి పేజీలు స్కాన్ చేసి జిల్లా కేంద్రానికి పంపితే చాలు. ఉత్తమ రిజిస్టరుకు బహుమతి అనొద్దు. 'లేదు' అని నిజాయితీగా రాసిన పేజీకి ఎవరు బహుమతి ఇస్తారు? రంగుల కాగితం అంటించిన రిజిస్టరే గెలుస్తుంది.

ఇంకో మాట. గోడ కట్టడానికో, అదనపు గదికో బడి ఆవరణలోని చెట్టు కొట్టాల్సి వస్తే, రిజిస్టరుకెక్కిన చెట్టును చివరి దాకా కాపాడే ప్రయత్నం చేయాలని ఉత్తర్వులోనే రాయండి. చెట్టు పోతే అప్పటిదాకా రాసిందంతా అక్కడితో తెగిపోతుంది. ఉపాధ్యాయులు మాత్రం బదిలీ అవుతూనే ఉంటారు, నేనూ అవుతాను. అందుకే రిజిస్టరు ఏ టీచరు పేరు మీదా కాకుండా బడి పేరు మీద, హెడ్మాస్టరు బాధ్యతలో ఉండాలి, బదిలీ అప్పుడు చార్జి లిస్టులో రాసి అప్పగించాలి. కుర్చీలకూ బెంచీలకూ ఇప్పుడు చేస్తున్నదే కదా.

జూన్ 12న బడులు తెరుస్తాం. మృగశిర కార్తె నడుస్తుంటుంది, తొలి వానలు అప్పుడే. ఆ లోపు ఉత్తర్వు వస్తే మొదటి పేజీకి అంతకన్నా మంచి వారం ఉండదు. పేజీకి కావాల్సిన గడులు: తేదీ, చూసిన సమయం, ముందురోజు వాన పడిందా, లేతాకు, ముదురాకు, పండుటాకు, మొగ్గ, పువ్వు, పచ్చికాయ, పండు. ప్రతిదాని ఎదురుగా లేదు, కొద్దిగా, నిండుగా అనే మూడింటిలో ఒకటి. కింద నాలుగు ఖాళీ గీతలు, పిల్లలకు కనిపించిన ఇంకేదైనా రాయడానికి. ఈ నాలుగు గీతలను దయచేసి తీసేయొద్దు, కప్పల రంగూ సగం గూళ్లూ మాకు దొరికింది అక్కడే. ఈ నమూనా పేజీని, మా పాత పేజీల నకళ్లను మా మండల విద్యాధికారి ద్వారా మీకు పంపుతున్నాను.

ఇట్లు,
ఒక జీవశాస్త్ర ఉపాధ్యాయురాలు,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల,
ఉమ్మడి వరంగల్ జిల్లా